కాలవలో కట్టిన ఉప్పుమడి

నౌపడ,
19 మే 1968.

చిరంజీవి పద్మకుమారికి దీవెనలు.

ముందు అసలు సంగతి, తరవాత వివరం. చిన్నతల్లి ఎడమకాలు మోకాలి కింద విరిగింది. ప్రాణభయం లేదు. జ్వరం లేదు. ఎముక చర్మం చీల్చుకుని బయటికి రాలేదు. కన్నతల్లివి, ఇంతవరకు చదివి, ఒకసారి కూర్చుని, మిగతాది చదువు.

పోయిన ఆదివారం నాతో మన ఉప్పుమడుల దగ్గరికి వచ్చింది. తాటాకు కప్పిన ఉప్పురాశి ఎక్కవద్దని చెప్పాను. నేను తూకం దగ్గర ఉండగా ఎక్కింది, జారింది. మన మేస్త్రీ అప్పలసూరి పరుగున వచ్చి ఎత్తుకున్నాడు. "ఏటే సిన్నమ్మా, కొండెక్కడం నేర్సినావు గానీ దిగడం మర్సిపోనావేటి?" అని దాన్ని నవ్విస్తూనే తన తలగుడ్డ చింపి, రెండు తాటిమట్టలు అటూ ఇటూ పెట్టి కాలు కట్టేశాడు. మధ్యాహ్నం బండికి శ్రీకాకుళం తీసుకువెళ్ళాం. డాక్టర్ నరసింగరావు గారు ఎక్స్‌రే తీసి, ఎముక సరిచేసి, పిండికట్టు వేశారు. పిల్ల ఏడ్చింది. తరవాత ఇడ్లీ అడిగింది.

నేను వరండాలో ఆగి ఆగి నడవడం ఆయన చూశారు. నడిస్తే కుడి పిక్క పట్టేస్తుందని, ఆగితే వదిలేస్తుందని చెప్పాను. తీపిజబ్బు ఎన్నేళ్ళ నించి అని అడిగి నా కాలికి కూడా ఎక్స్‌రే తీయించారు. రెండు ఫిల్ములూ పక్కపక్కన కిటికీ వెలుగులో పెట్టి చూపించారు. చిన్నతల్లిది తెల్లటి ఎముకలో నల్లటి చీలిక. నాదాన్లో ఎముక బాగానే ఉంది, కాని దాని పక్కన రెండు సన్నని తెల్ల గీతలు, మన స్టేషన్ నించి చూస్తే దూరంగా కనిపించే రైలు పట్టాల్లాగ. "ఇవి ఎముకలు కావమ్మా. మీ రక్తనాళం గోడలు. సున్నం పట్టింది" అన్నారు.

అప్పటినించి ఒక సంగతి నాకు తెమలడం లేదు. సున్నం ఒక్కటే. దాని కాల్లో రావలసిన చోటికి ఇంకా రాలేదు. నా కాల్లో రాకూడని చోటికి వచ్చి కూర్చుంది. దీన్ని పంపేది ఎవరు, ఏ పద్ధతిలో? నువ్వు కలకత్తాలో చదివేది దీని గురించే అన్నావు. నాకు అర్థమయ్యేలాగ వ్రాయి.

నువ్వు బయలుదేరవద్దు. ఎముక అతికేది నీ చేతుల్లోనూ లేదు, నా చేతుల్లోనూ లేదు. మీ ఆయన కాశీవిశ్వనాథానికి కొండల్లో కొత్త రైలుదారి పనిమీద ఉన్న చోటికే కార్డు వ్రాశాను.

అమ్మమ్మ.


కలకత్తా,
28 మే 1968.

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి కూర్చోలేదు. నిలబడే చదివాను. చదువుతూ ఎప్పుడు ఏడ్చానో తెలియదు, పక్క బల్ల దగ్గరి అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. బయలుదేరవద్దన్నావు గనక ఆగాను. ఇష్టపడి ఆగలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తాను. రాస్తే నాకూ కొంచెం ధైర్యంగా ఉంటుంది.

ఎముక ఎముకగా పుట్టదు అమ్మమ్మా. చెవి కొసలాగా వంగే మెత్తటి తరుణాస్థిగా పుడుతుంది. దానిలోకి తరవాత సున్నం చేరి గట్టిపడుతుంది. చిన్నతల్లి కాలు విరిగినచోట శరీరం మళ్ళీ మొదటి నించి మొదలుపెడుతుంది. ముందు మెత్తటి అతుకు, తరవాత గట్టి ఎముక.

ఆ మొదటి సున్నపు రవ్వ ఎక్కడ పుడుతుందన్నది ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. పోయిన ఏడాది దూరదేశాల్లో ఇద్దరు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఒకే సంగతి చూసి పత్రికల్లో రాశారు. తరుణాస్థిలోని కణం తన ఒంటి పొర నించే చిన్న మొగ్గలాంటిది వేసి, తుంచి, బయట వదిలేస్తుంది. అది ఒక సంచి. మామూలు సూక్ష్మదర్శినికి ఆనదు. మా దగ్గర ఉన్న ఎలక్ట్రాన్ యంత్రంలో మాత్రం కనిపిస్తుంది. నల్లటి అంచు, లోపల బూడిదరంగు. వాటిలో కొన్నిటి లోపల సూదిమొనల్లాంటివి ఉంటాయి. అదే మొదటి సున్నం. సూదులు పెరిగి సంచిని చీల్చుకుని బయటికి వస్తాయి, వాటి మీద మిగతాది పేరుకుంటుంది. నేను కోడిపిల్లల ఎముకల్లో వాటిని చూస్తున్నాను. మొదటిసారి చూసినరోజు నీకు చెప్పాలనిపించింది. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

నీ నాళం గోడలో సున్నం ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలియదు. మా ప్రొఫెసర్ గారికీ తెలియదు. నీ కాలు ఎలా ఉందో ప్రతి ఉత్తరంలోనూ రాయి. చిన్నతల్లి చెంపకి నా ముద్దు అందించు. నువ్వు పెట్టవని తెలుసు, అందించు.

నీ పద్మ.


నౌపడ,
30 జూన్ 1968.

చిరంజీవి పద్మకుమారికి,

నువ్వు పంపిన ముద్దు అందించాను.

మొన్న రెండో ఎక్స్‌రే తీశారు. విరిగినచోట ఎముక చుట్టూ కాయ కట్టింది. చింతకాయ కణుపులాగ ఉబ్బెత్తుగా, పాత ఎముక కంటె లావుగా ఉంది. డాక్టరు గారు "బాగా అతుకుతోంది" అన్నారు. నాకు అలా అనిపించలేదు. అది అవసరానికి మించి ఉంది. అవసరానికి మించి చేరిన సున్నం ఏం చేస్తుందో నా కాలిలో చూశాను.

మన మడుల సంగతి నీకు తెలుసు. సముద్రపు నీరు కాలవలో వచ్చి, పై మడుల్లో ఎండి చిక్కబడి, కింది మడుల్లోకి దిగాక ఉప్పు కడుతుంది. కాని ఉప్పు కంటె ముందే, నీళ్ళు చిక్కబడుతుండగానే, కాలవ గోడలకి తెల్లటి పెచ్చు పడుతుంది. గీకకపోతే కాలవ సన్నబడి నీళ్ళు ఆగిపోతాయి. ఈ ఏడు అది ఎక్కువగా పట్టింది. అప్పలసూరిని మందలించాను. "కాలవని తిడితే ఏటొస్తాది అమ్మగోరూ? పైన నీరు ఎక్కువ సిక్కబడిపోతన్నాది. నీటిని పల్సన సేసుకోవాల" అన్నాడు.

అదే మాట నా కాలికీ వర్తిస్తుందని తోచింది. రక్తంలో సున్నం చిక్కబడితేనే గదా గోడకి పట్టేది. రాబడి తగ్గించాలి. అందుచేత నేను తాంబూలంలో సున్నం మానేశాను. పాలు, పెరుగు మానేశాను. చిన్నతల్లికి కూడా పాలు, రాగిపిండితో కాచే చోడి అంబలి ఆపించాను. అది రెండుపూటలా అడుగుతోంది. నేను ఇవ్వడం లేదు. పాలు పోసే తవిటమ్మ గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడి, "మా గేదె సేసిన తప్పేటో సెప్పండమ్మా, దానికి బుద్ధి సెప్పుకుంతాను" అంది. నవ్వలేదు నేను.

పిండికట్టు ఇంకో వారంలో విప్పుతారు. నా కాలు అలాగే ఉంది.

అమ్మమ్మ.


కలకత్తా,
8 జులై 1968.

అమ్మమ్మా,

ఈ ఉత్తరం కంటె ముందు నా తంతి అంది ఉంటుంది. పాలు ఈపాటికి ఇచ్చి ఉంటావని నమ్ముతూ రాస్తున్నాను. నేను నిన్ను ఎప్పుడూ ఎదిరించి మాట్లాడలేదు. ఈసారి మాట్లాడుతున్నాను.

చిన్నతల్లికి పాలు ఆపడం తప్పు. చాలా తప్పు. ఎనిమిదేళ్ళ పిల్ల, కాలు విరిగిన పిల్ల, ఎముక కట్టుకుంటున్న పిల్ల. దానికి నువ్వు ఇటుకలు ఆపేశావు. ఆ కాయ జబ్బు కాదు. విరిగిన ఎముక చుట్టూ శరీరం ముందు కట్టుకునే దడి అది. లావుగానే వస్తుంది, తరవాత తనే చెక్కుకుని సన్నబడుతుంది. డాక్టరు గారు చెప్పింది నిజం. నువ్వు ఆయన మాట కాదని అప్పలసూరి మాట విన్నావు. అతను కాలవ సంగతి చెప్పాడు, కాలి సంగతి కాదు.

ఇప్పుడు నీ లెక్క ఎక్కడ తప్పిందో చెప్తాను. నువ్వు ఉప్పుమడి సంగతే తీసుకో. సముద్రం నిండా ఉప్పే. మరి సముద్రం తనంతట తాను ఎప్పుడైనా ఉప్పుగా గడ్డకట్టిందా? గట్టు వేసి, తూము పెట్టి, కొంచెం నీటిని విడిగా ఆపినచోటే ఉప్పు కడుతుంది. మన రక్తం సముద్రంలాంటిది. దానిలో సున్నం ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా. నువ్వు పాలు మానితే తగ్గదు. లోపలికి రాకపోతే శరీరం ఎముకల్లోంచే తీసి రక్తంలో సరిపెడుతుంది. అంటే నీ కాలవ అలాగే ఉంటుంది, నీ ఎముక పలచబడుతుంది.

నేను రాసిన ఆ సంచి ఉంది చూశావా, అది ఒక ఉప్పుమడి. దాని పొరే గట్టు. సున్నాన్ని లోపలికి లాగి ఆపుకునే ఏర్పాటు దానిలో ఉంది. బయట కట్టని సున్నం లోపల కడుతుంది. ఆ మడిని కట్టేది కణం. ఎక్కడ కట్టాలో దానికి తెలుసు. రాబడి ఎంత అన్నది కాదు అమ్మమ్మా, మడి ఎవరు ఎక్కడ కట్టారన్నదే ప్రశ్న.

గట్టిగా రాశాను. క్షమించమని అడగను. ముందు నువ్వు కూడా పాలు తాగు.

నీ పద్మ.


నౌపడ,
20 జులై 1968.

చిరంజీవి పద్మకుమారికి,

నీ తంతి మంగళవారం వచ్చింది. 'పాలు ఇవ్వు, ఉత్తరం వస్తోంది' అన్న రెండు ముక్కలు పోస్టుమాస్టరు గారు తానే తెచ్చి చదివారు. "కలకత్తాలో పాలు దొరకవేటమ్మా, మనల్ని తాగమంటన్నారు?" అన్నారు. సాయంత్రానికి వీధంతా తెలిసింది. తవిటమ్మ అడగకుండానే చెంబు నింపి పెట్టి, "మా గేదెకి కోర్టులో గెలుపొచ్చినాది" అని వెళ్ళింది.

ఆ పూటే చిన్నతల్లికి పాలు ఇచ్చాను. తరవాత వచ్చిన నీ ఉత్తరం మొదట కోపంతో చదివాను. రెండోసారి చదివినప్పుడు కోపం లేదు. నీ లెక్క సరిగ్గా ఉంది, నాది తప్పు. విజయనగరంలో బడికి వెళ్ళే రోజుల్లో మా పంతులమ్మ జవాబు తప్పయినా దారి ఒప్పయితే సగం మార్కులు వేసేది. నువ్వు నాకు అవీ వెయ్యలేదు. మంచిదే. పిల్ల విషయంలో వెయ్యకూడదు.

పిండికట్టు విప్పారు. కాలు సన్నగా పాలిపోయి వచ్చింది. చిన్నతల్లి దాన్ని చూసి "ఇది నాది కాదు తాతమ్మా, మార్సీసినారు" అంది. ఇప్పుడు గోడ పట్టుకుని వీధిగది నించి వంటింటి దాకా నడుస్తోంది. పక్కింటి నీలవేణి దానికి తోడుగా నడుస్తోంది. ఆమె నీళ్ళోసుకుంది, పుష్యమాసంలో పురుడు. "నా బిడ్డకి నువ్వే లాల పొయ్యాలి మామ్మా, మా అత్తకి సేతులు వణుకుతాయి" అని ఇప్పటినించే మాట తీసుకుంది. ఈ వీధిలో పుట్టిన పిల్లలందరికీ నేనే గదా పోశాను, అలాగే అన్నాను.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఎముకలో మడి కట్టడం న్యాయం, ఆ చోటు దానిదే. నా రక్తనాళం కాలవ. నీళ్ళు పోవడానికే ఉంది. కాలవలో మడి కట్టమని ఎవరు అనుమతి ఇచ్చారు?

పాలు తాగుతున్నాను. తాంబూలంలో సున్నం కూడా వేసుకుంటున్నాను.

అమ్మమ్మ.


కలకత్తా,
11 సెప్టెంబరు 1968.

అమ్మమ్మా,

నీ ప్రశ్న మా ప్రొఫెసర్ గారికి చదివి వినిపించాను. ఆయన బెంగాలీలో మళ్ళీ ఒకసారి చెప్పించుకుని, గోడమీద పలకపై రాసిపెట్టారు. ఇప్పటికీ ఉంది. 'కాలవలో మడి కట్టమని ఎవరు అనుమతి ఇచ్చారు?'

ఆయన అనుమానం ఒకటే. నాళం గోడలో ఉండే కణాలు కూడా అలాంటి సంచులే వదులుతున్నాయేమో. తమ పని ఏమిటో తప్పిపోయి, ఎముకలో కణం చేసే పని చేస్తున్నాయేమో. ఇది అనుమానమే. చూడాలంటే సున్నం పట్టిన మనిషి నాళం కావాలి. శవపరీక్ష గది నించి తెచ్చినవి పనికిరావడం లేదు. ప్రాణం పోయిన కాసేపటికే కణాలు చెడిపోతాయి, ఏది సంచి ఏది శిథిలం తెలియదు. బతికి ఉన్న మనిషి శరీరం నించి తీసిన వెంటనే చల్లటి మందునీళ్ళలో వెయ్యాలి. అలాంటిది మాకు ఎవరిస్తారు? ఉన్నవాటిని కోసి కోసి గాజుకత్తులు పాడవుతున్నాయి. గాజు పలకని విరిచి ఆ అంచుతోనే మేము కోస్తాం. సున్నం తగిలితే అంచు పోతుంది. వజ్రపు కత్తి తెప్పించారు, నన్ను మాత్రమే ముట్టనిస్తున్నారు.

చిన్నతల్లి నడక గురించి రాశావు. నీ నడక గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు కనిపించనట్టు ఊరుకోను. నీ కాలు ఎలా ఉంది?

నీ పద్మ.


నౌపడ,
13 అక్టోబరు 1968.

చిరంజీవి పద్మకుమారికి,

వానలు విడవడం లేదు. మడులన్నీ మంచినీటి చెరువుల్లాగ నిండాయి. రాశులమీద కొత్త తాటాకు కప్పించాను. చిన్నతల్లి బడికి వెళుతోంది, కర్ర లేకుండా. డాక్టరు గారు అన్నట్టే ఆ కాయ తగ్గుముఖం పట్టింది, చేత్తో తడిమితే తెలుస్తోంది. నా కాలు యథాప్రకారం.

చిన్నతల్లి నీకు రెండు మాటలు వ్రాస్తానంటోంది. చోటు విడిచాను.

అమ్మా నేను చిన్నతల్లిని. నాకు లెక్కల్లో ఫస్టు వచ్చింది. తాతమ్మ కుడికాలు బొటనేలు నల్లగా అయిపోనాది. బొగ్గులాగ. రాత్తిరి పడుకోదు, కాలు మంచం కిందకి యేలాడదీసి కూర్సుంటాది. అమ్మకి సెప్పొద్దు సదువు పాడవుతాది అన్నాది. నువ్వు రా అమ్మా.

పైన ఉన్నది చిన్నతల్లి వ్రాసినది. పోస్టులో వేసే ముందు చదివాను. కొట్టివెయ్యాలని కలం తీసుకున్నాను. నిజాన్ని కొట్టివేసే అలవాటు నాకు లేదు. ఆ అలవాటు పిల్లకి నేనే నేర్పలేను గదా. పిల్ల వ్రాసింది ఉండనిచ్చి, నేను వ్రాసిన 'యథాప్రకారం' అన్న మాటని తప్పుగా లెక్కవేసుకో.

అమ్మమ్మ.


కలకత్తా,
22 అక్టోబరు 1968.

అమ్మమ్మా,

రాజీనామా రాసి పెట్టాను. బల్లమీద ఉంది. రేపు ప్రొఫెసర్ గారికి ఇచ్చి ఎల్లుండి మద్రాసు మెయిలు ఎక్కుతాను.

నువ్వు ఎన్ని రాత్రులు అలా కూర్చున్నావో నాకు రాయలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి కనిపించింది నాకు కనిపించలేదు. రక్తనాళాల్లో సున్నం గురించి పగలంతా పుస్తకాలు తిరగేస్తున్నాను. మా అమ్మ నన్ను కని పోయిన రోజు నించి నన్ను పెంచిన మనిషి కాలు మాత్రం నాకు పట్టలేదు. నాకు సంచులూ వద్దు, వజ్రపు కత్తీ వద్దు. అవి ఎక్కడికీ పోవు. వేరే ఎవరైనా చూస్తారు.

కోప్పడకు. కోప్పడినా వస్తాను.

నీ పద్మ.

తరవాత రాసినది: ఉత్తరం పోస్టు చెయ్యడానికి వెళ్ళేలోపల నీ తంతి వచ్చింది. 'నా ఉత్తరం చూశాక కదులు' అన్నావు. అందుకని రాజీనామా, ప్రయాణం రెండూ ఇక్కడే ఆపి, ఇది మాత్రం పంపుతున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఆగుతాను. అంతకంటె ఒక్క పూట ఆగను.


నౌపడ,
24 అక్టోబరు 1968.

చిరంజీవి పద్మకుమారికి,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. అందులో ఏముంటుందో తెలుసు. రాజీనామా వ్రాసి ఉంటావు. చించెయ్యి.

ఇప్పుడు ఏదీ దాచను. వేలు నల్లబడి నలభై రోజులు. నలుపు పాదం మీదికి పాకింది. నొప్పి పడుకుంటే ఎక్కువ, కాలు వేలాడదీస్తే తక్కువ. నరసింగరావు గారు నాడి పట్టుకుని పాదంలో నాడి ఆడడం లేదన్నారు. కాలు మోకాలి పైకి తీసెయ్యాలి, లేకపోతే మనిషి పోతుంది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో నవంబరు పద్దెనిమిదిన చేస్తారు. కాశీవిశ్వనాథం సెలవు పెట్టి వస్తున్నాడు. చిన్నతల్లిని నీలవేణి చూసుకుంటుంది. సంతకం నేనే చేశాను. భయపడ్డాను. రెండు రోజులు మంచం దిగలేదు. మూడోరోజు నీ సెప్టెంబరు ఉత్తరం మళ్ళీ తీసి చదివాను.

బతికి ఉన్న మనిషి నించి తీసిన నాళం కావాలి, ఎవరిస్తారు అని వ్రాశావు. నేనిస్తాను.

నువ్వు చదివి ముందు వద్దంటావు. అందుకే కారణం వ్రాస్తున్నాను. ఈ కాలు ఎలాగూ పోతుంది. మీ అమ్మ పోయాక, పదోరోజు నించి నిన్ను ఈ కాళ్ళమీదే పడుకోబెట్టి లాల పోశాను. నువ్వు నీళ్ళు పోస్తే ఊపిరి బిగబట్టేదానివి. వీపు నిమిరితే వదిలేదానివి. చిన్నతల్లికీ వీటిమీదే పోశాను. అలాంటి కాలిని ఎవరో తీసుకుపోయి ఎక్కడో పారేస్తే నాకు సమ్మతం కాదు. నీ చేతిలో పెడితే సమ్మతం. ఆసుపత్రి డాక్టరు గారితో మాట్లాడాను. మొదట విస్తుపోయారు. తరవాత మీ ప్రొఫెసర్ గారి ఉత్తరం ఉంటే ఒప్పుకుంటామన్నారు.

నువ్వు రా. రావద్దనడం లేదు. ఖాళీ చేతులతో మాత్రం రాకు. ఆ మందునీళ్ళ సీసా, చల్లగా ఉంచే ఫ్లాస్కు, నీ కత్తి పట్టుకుని రా. నాకు నర్సులు ఉన్నారు. కూర్చుని ఏడ్చే మనిషి అక్కరలేదు. నా ప్రశ్నకి జవాబు చూసే మనిషి కావాలి.

అమ్మమ్మ.


కలకత్తా,
19 జనవరి 1969.

అమ్మమ్మా,

నెలన్నరగా కుశలం కార్డులు తప్ప నీకు సరిగ్గా రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

ఆ రోజు ఆపరేషను గది తలుపు దగ్గర నేను ఫ్లాస్కు పట్టుకుని నిలబడితే, బండిమీద నిన్ను లోపలికి తీసుకుపోతూ ఉంటే, నువ్వు నాతో ఏమన్నావో గుర్తుందా? "మూత గట్టిగా బిగించావా?" అన్నావు. పక్కనున్న మా ఆయన నవ్వారు, నేను నవ్వలేకపోయాను. నాళం ముక్క నా చేతికి వచ్చినప్పుడు ఇంకా వెచ్చగా ఉంది. ఆవగింజలంత ముక్కలు కోసి మందునీళ్ళలో వేశాను. మూత రెండుసార్లు బిగించాను. తరవాత మెట్లమీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నువ్వు అక్కరలేదన్న పని అదొక్కటే చేశాను.

నిన్న యంత్రంలో చూశాం. నాళం మధ్యపొరలో, కణాల చుట్టూ, సంచులు ఉన్నాయి అమ్మమ్మా. నల్లటి అంచు, గుండ్రంగా. కొన్నిట్లో సూదులు ఉన్నాయి. నేను కోడిపిల్లల ఎముకల్లో రోజూ చూసేవి ఎలా ఉంటాయో ఇవీ అలాగే ఉన్నాయి. ప్రొఫెసర్ గారు చాలాసేపు కళ్ళు తియ్యలేదు. తరవాత "ఒక్క మనిషి నాళం చూసి లోకానికి ఏమీ చెప్పకూడదు" అన్నారు. నిజమే. ఇంకా ఎన్నో చూడాలి, అందుకు ఏళ్ళు పడతాయి. ఆ కణాలు అక్కడ ఆ పని ఎందుకు మొదలుపెట్టాయో ఇప్పటికీ తెలియదు. తీపిజబ్బు ఏదో చెప్పి ఉండాలి వాటికి. ఏం చెప్పిందో తెలియదు.

నీ ప్రశ్నకి ఇవాళ నేను ఇవ్వగలిగిన జవాబు ఇంతే. అనుమతి ఎవరూ ఇవ్వలేదు. ఆ కణాలు సోమరివి కావు, పాడైపోయినవీ కావు. చిన్నతల్లి కాలు అతకడానికి ఏ పని జరిగిందో ఆ పనే నీ కాల్లోనూ జరిగినట్టుంది. శ్రద్ధగానే కట్టాయి. కట్టిన చోటే తప్పు.

ఇక్కడ ముక్కల మీద పేర్లు రాయరు, అంకె వేస్తారు. ఆ అంకె ఎవరిదో నాకు, ప్రొఫెసర్ గారికి తెలుసు. నేను మాత్రం ప్రతిసారీ ఆ డబ్బా తీసేముందు చేతులు కడుక్కుంటున్నాను. అవసరం లేదు. అయినా కడుక్కుంటున్నాను.

పలకమీద నీ ప్రశ్న ఇంకా చెరపలేదు.

నీ పద్మ.


నౌపడ,
16 ఫిబ్రవరి 1969.

చిరంజీవి పద్మకుమారికి,

నీ ఉత్తరం చదివి చిన్నతల్లికి కూడా చదివి వినిపించాను. అది "అయితే తాతమ్మా, నీ కాలు నీకంటె ముందే కలకత్తా యెల్లిపోయి సదువుకుంతన్నాది" అంది. అవునన్నాను. "పరీచ్చ పాసయినాదా?" అని అడిగింది. ఇంకా వ్రాస్తోందని చెప్పాను.

శ్రద్ధగా కట్టాయి, చోటే తప్పు అన్నావు. ఆ మాట నాకు బాగుంది. కాలు పోయినప్పటినించి దానిమీద ఒక కోపం ఉండేది నాకు, నా ఒళ్ళే నాకు ద్రోహం చేసిందని. ఇప్పుడు లేదు. చిన్నతల్లికి పాలు ఆపినదాన్ని నేను. శ్రద్ధగా చేసిన తప్పు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మడుల్లో పని మొదలైంది. కాలవలు గీకించాను. నన్ను కుర్చీతోనే గట్టుమీదికి మోసుకెళితే, కూర్చుని చూస్తున్నాను. అప్పలసూరి రెండు చంకకర్రలు చేయించి తెచ్చి, "మీ తిట్లు గట్టుమీంచి ఇనబడ్డం లేదమ్మగోరూ, మడిలోకి దిగి తిట్టండి" అన్నాడు. కర్రలతో గుమ్మం దాకా నడుస్తున్నాను. గాయం మానింది.

నీలవేణికి పుష్యమాసంలో ఆడపిల్ల పుట్టింది. పదకొండోరోజు స్నానానికి బిడ్డని ఎత్తుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి నన్ను చూసి ఆగిపోయింది. మాట తీసుకుంది గనక వచ్చింది; కాలు పోయిందని తెలుసు, లాలకి రెండు కాళ్ళూ చాపాలన్నది అప్పుడే తోచింది. "ఇంకెవరినైనా పిలుస్తాను మామ్మా" అని వెనక్కి తిరిగింది. ఒక్క కాలిమీద బిడ్డ నిలవదు. నాకూ తెలుసు. పొమ్మని చెప్పబోయాను.

చిన్నతల్లి బడిసంచి కింద పడేసి వచ్చి, పరికిణీ మోకాళ్ళ పైకి దోపుకుని, పెరట్లో నా కుడిపక్కన పీట వేసుకుని ఆనుకుని కూర్చుంది. ఎడమకాలు చాపి, నా ఎడమకాలికి ఆనించి పెట్టింది. విరిగిన కాలే. కాయ ఉన్నచోట ఇప్పుడు చేత్తో తడిమినా ఏమీ తెలియదు. నేను తడిమాను. "ఇప్పుడు రెండున్నాయి గదేటి, ఎయ్యి తాతమ్మా" అంది.

నీలవేణి నావైపు చూసింది. నేను తల ఊపాను. బిడ్డని మా ఇద్దరి కాళ్ళమీద పడుకోబెట్టింది. నూనె పట్టించి, సున్నిపిండి రాసి, నీళ్ళు పోశాను. చిన్నతల్లి కాలిమీద బరువు పడినప్పుడు దాని మొహం చూశాను. "నొప్పా?" అని అడిగాను. "లేదు, ఎచ్చగున్నాది" అంది.

నీళ్ళు పడగానే బిడ్డ ఊపిరి బిగబట్టింది, నీలాగే. వీపు నిమరమని చిన్నతల్లికి చెప్పాను. నిమిరింది. బిడ్డ ఊపిరి వదిలింది.

అమ్మమ్మ.